ఏడేళ్ళ లోపు బిడ్డకు కొట్టే గంట

రెండు తాళ్ళు

మా గుడిలో గంట కొట్టే పని నాకు మా మేనమామ చిన్నప్ప అప్పగించాడు. పంతొమ్మిది వందల యాభైల చివరి మాట ఇది. మోకాళ్ళు పట్టేసి గోపురం మెట్లు ఎక్కలేకపోతుంటే, "రాయప్పా, ఇంక నువ్వేరా" అని తాడు నా చేతికిచ్చి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. నా నియామకం అంతే. ఆ తరువాత పూజ చేసే గురువులు, అంటే ఫాదర్లు, ఎందరో వచ్చారు, బదిలీ మీద వెళ్ళారు. నేను మాత్రం ఆ తాడు దగ్గరే ఉండి ముసలివాణ్ణయ్యాను.

ఇప్పుడు ఈ పనికి వస్తున్నవాళ్ళు "ఏముంది తాతా, పట్టుకొని లాగడమే కదా" అంటున్నారు. లాగడమే నాయనా. వంట అంటే పొయ్యి మీద పెట్టి దించడమే అన్నట్టు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నాకు ఎవరు శాలువా కప్పారు, ఏ పెద్దలు నా భుజం తట్టారు అన్న సంగతులు ఇందులో ఉండవు. పెళ్ళి గంట గురించి కూడా రాయను. పెళ్ళి గంట ఎవడు ఎలా కొట్టినా జనం సంతోషంగానే ఉంటారు. చావు గంట అలా కాదు. అందులో తేడా వస్తే ఆ ఇంటివాళ్ళు జన్మంతా గుర్తుపెట్టుకుంటారు.

మా ఊరు అల్లూరుకు తూర్పున ఉంది. పడమటి వైపు వరి పొలాలు, తూర్పు వైపు ఉప్పు పండించే కయ్యలు, అవి దాటితే చేపలు పట్టే పట్టపువాళ్ళ పాళెం, ఆ తరువాత సముద్రం. గుడి చుట్టూ ఉన్నది మా కతోలికుల పల్లె. మావాళ్ళు పొద్దున్నే లేచి సగం మంది నాట్లకూ కోతలకూ, సగం మంది ఉప్పు కయ్యలకూ పోయేవాళ్ళు. ఎవరు ఎక్కడున్నా ఊళ్ళో ఏం జరిగిందో చెప్పేది గంట ఒక్కటే.

ఆ గంటకు రెండు తాళ్ళుండేవి. పెద్ద తాడు లాగితే గంటే ఊగుతుంది. లోపల వేలాడే ఇనుప నాలుక రెండువైపులా తగిలి గలగలమంటుంది. అది పండగ గంట. చిన్న తాడు ఆ నాలుకకు కట్టి ఉంటుంది. దాన్ని లాగితే గంట కదలదు, నాలుక ఒక్క పక్కనే తగులుతుంది. అది చావు గంట. మగవాళ్ళు పోతే ముందు మూడేసి దెబ్బలు, ఆడవాళ్ళు పోతే రెండేసి, ఆ పైన అందరికీ ఒకటే వరస. నాట్లు వేసే ఆడవాళ్ళు బురదలో నడుం ఎత్తి ఆ మొదటి దెబ్బలు లెక్కపెట్టుకునేవాళ్ళు. ఏ ఇంట్లో ఎవరు మంచం పట్టారో వాళ్ళకు ముందే తెలుసు కాబట్టి, ఇంకెవరూ చెప్పకముందే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు.

మామ నాకు నేర్పిందల్లా ఆగడం. ఒక దెబ్బ కొట్టాక దాని మోత పూర్తిగా చచ్చేదాకా ఉండాలి. ఆ తరువాత ఒక ఊపిరి తీసుకోవాలి. అప్పుడు రెండోది. వయసు మీదున్నవాడికి ఇంతకంటే కష్టమైన పని లేదు. నేను తొందరపడినప్పుడల్లా ఆయన అరుగు మీద నుంచే కేకవేసేవాడు.

"ఏందిరా ఆ ఉరుకులు? పోయినోడికి తొందర లేదు, ఉన్నోళ్ళకు అసలే లేదు. నిదానంగా కొట్టు."

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పడుతుంది. ఇరుసుకు ఆముదం రాయడం మరిచిపోతే పూజ మధ్యలో గంట కీచుమంటుంది, గుడిలో పిలకాయలు నవ్వుతారు, ఆ తిట్లు మీరే తినాలి. తాడు కూడా ప్రతి వానాకాలం తరువాత మార్చాలి. తెగేదాకా వాడితే వెల్లకిలా పడేది మీరే. మా మామ ఒకసారి పడ్డాడు. అది ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు.

అడగక తప్పని ప్రశ్న

చావు కబురు తెచ్చేవాడు ఏడుస్తూ వస్తాడు. అతన్ని ఓదార్చకముందే మీరు ప్రశ్నలు వెయ్యాలి. జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, పొందిన మనిషేనా, వయసెంత అని. ఎంత మెత్తగా అడిగినా అది మొరటుగానే ఉంటుంది. నేను ముందు చెంబుతో నీళ్ళిచ్చి, అతను తాగుతుండగా అడిగేవాణ్ణి. నీళ్ళు గొంతు దిగేటప్పుడు మనిషికి కోపం రాదు. ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు.

వయసు ఎందుకు అడగాలంటే, ఆ రోజుల్లో ఏడేళ్ళ లోపు బిడ్డలకు చావు గంట లేదు. జ్ఞానస్నానం పొందిన పసివాడికి పాపం అంటదు, నేరుగా మోక్షానికి పోతాడు, అందుకు ఏడవకూడదు, సంతోషించాలి. ఇది గుడి చట్టం. పసివాళ్ళకు గంట కొట్టకపోయినా ఫరవాలేదు, కొడితే మాత్రం పండగ గంటే కొట్టాలి. గురువు నల్ల వస్త్రాలు వేసుకోడు, తెల్లవి వేసుకుంటాడు. బిడ్డ తలకు పూల కిరీటం పెడతారు. ఏడేళ్ళు దాటితే పెద్దవాళ్ళ లెక్కే. నల్ల వస్త్రాలు, చావు గంట, ఉత్తరించు స్థలంలో ఆ ఆత్మ ఎక్కువకాలం కాలకుండా ప్రార్థనలు. ఉత్తరించు స్థలం అంటే, మోక్షానికి పోయే ముందు ఆత్మలు తమ పాపాలకు మంటల్లో శుద్ధి అయ్యే చోటు.

వినడానికి అందమైన చట్టమే. తాడు పట్టుకున్నవాడికి కాదు. పండగ కాని రోజు పండగ గంట మోగిందంటే మా పల్లెలో పసిబిడ్డలున్న మగవాళ్ళందరూ ఎక్కడి పార అక్కడ పారేసి ఉప్పు కయ్యల నుంచి పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఎవరి బిడ్డో తెలియదు కదా. ఇంటికి చేరి, తమ బిడ్డ వాకిట్లో ఆడుకుంటూ కనిపిస్తే వాణ్ణి ఎత్తుకుని ఏడ్చేవాళ్ళు. ఆ గలగల గంటకు మా ఆడవాళ్ళు భయపడినంత అసలు చావు గంటకు భయపడలేదు.

పట్టపుపాళెం నుంచి పోలయ్య అనే ఆయన మా పల్లెకు చేపలు తెచ్చి అమ్మేవాడు. ఆయన హిందువు, మా గుడి లెక్కలు తెలియవు. ఒకసారి ఆ గంట విని గంపనిండా చేపలతో హుషారుగా గుడి దగ్గరికి వచ్చాడు.

"ఏం పండగన్నా ఇయ్యాల? ముందే చెప్పుంటే వంజరం ఎత్తిపెట్టుందును కదా!"

పండగ కాదు, ఒక బిడ్డ పోయిందని చెప్పాను. ఆయన గంప కిందకు దించాడు.

"బిడ్డ పోతే సంబరమా అన్నా?"

నేను చదువుకున్నదంతా చెప్పాను. పసివాళ్ళు సమ్మనసులు, అంటే దేవదూతలు, అవుతారు, వాళ్ళకోసం దుఃఖించకూడదు అని. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఏమోన్నా, మీ పెద్దలు మంచికే చెప్పుంటారు. మాకైతే బిడ్డ పోయిన రోజు సముద్రం కూడా గమ్మునుంటే బాగుండనిపిస్తాది."

ఆ రోజు చేపలు అమ్మకుండా ఆ ఇంటి గడపలో గంప పెట్టి వెళ్ళిపోయాడు.

గంటలు మాట్లాడని రోజులు

ఈస్టరు ముందు వచ్చే పవిత్ర గురువారం పూజలో ఒకసారి మోగాక, ఈస్టరు జాగరణ పూజ దాకా గంటలు మోగకూడదు. ఎవరు పోయినా సరే. ఆ రోజుల్లో చెక్క గిలక తిప్పుకుంటూ వీధుల్లో తిరగాలి. టకటకమని ఎండిన శబ్దం. తమ చావు కబురు దాంతో చెప్పించుకోవడం ఎవరికీ ఇష్టముండేది కాదు.

లూర్దమ్మ అనే ముసలామె ఆ వారంలోనే మంచం పట్టింది. గురువారం సాయంత్రానికి ఇక పోతుందనుకున్నారు. గిలక పట్టుకొని ఆమె ఇంటి మీదుగా పోతుంటే లోపల నుంచి గొంతు వినబడింది.

"ఎవర్రా, రాయప్పేనా? ఆ కట్టెముక్క నాకు తిప్పబాకు. గంటలొచ్చినాక చెప్పు."

గంటలొచ్చినాయా అని శుక్రవారం అడిగింది, శనివారం అడిగింది. ఈస్టరు గంటలు విని గంజి తాగింది. పోలేదు. సోమవారం కూడా పోలేదు. కూతురు నా దగ్గరికి వచ్చి, ముసల్ది ఇప్పుడు కోడికూర అడుగుతున్నదని నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడింది. ఆ తరువాత చాలాకాలం బతికింది ఆమె. పోయినప్పుడు మాత్రం పూర్తి గంట కొట్టాను. ఎక్కడా తొందరపడలేదు.

రూలు మనిషి

నేను పనిలో చేరిన కొత్తలో ఉన్న గురువు విదేశీయుడు. ఊరంతా ఆయన్ని సాములోరు అనేవాళ్ళు. పొడుగ్గా, ఎండకు ఎర్రగా కమిలిన మొహంతో ఉండేవాడు. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నాడు కాబట్టి పుస్తకంలాగే మాట్లాడేవాడు. "రాయప్పా, నీవేల ఆలస్యముగా వచ్చితివి?" అంటే నాకు తిట్టినట్టే అనిపించేది కాదు. పూజలో ఆయన ప్రసంగం మొదలుపెడితే వెనక వరసలో పిలకాయలు ఒకరినొకరు గిల్లుకుని నవ్వేవాళ్ళు.

ఆయనకు రూలు తప్పితే మరొకటి పట్టదు. ఒక మోతుబరి తన తల్లి పోయినప్పుడు పొద్దు గూకేదాకా గంట కొట్టించమన్నాడు. "మీ పాలేరు తల్లికి ఎంత కొట్టితిమో, మీ తల్లికిని అంతే" అని సాములోరు లోపలికి వెళ్ళిపోయాడు. ఆ మోతుబరి ఆరునెలలు గుడి మెట్లెక్కలేదు. సాములోరు ఖాతరు చెయ్యలేదు. మరో పక్క, వానలో కాలవ పొంగినా సైకిలు భుజాన పెట్టుకుని రొమ్ములోతు నీళ్ళలో వెళ్ళి, చావబోతున్న కూలివాడికి నుదుట పవిత్ర తైలం పూసి అవస్థ అభ్యంగనం ఇచ్చి వచ్చేవాడు. మంచివాడా అంటే మంచివాడే. కానీ ఆయన చేతిలో కొలబద్ద ఎప్పుడూ కిందకు దిగదు.

ఆయనలో నాకు నచ్చనిది ఒకటుంది. పోయినవాళ్ళను తలచుకునే సమాధుల పండగనాడు ఉత్తరించు స్థలం మీద ప్రసంగం చేసేవాడు. ఆ మంటలు ఎలా ఉంటాయో, ఆత్మలు ఎలా కేకలు పెడతాయో పూస గుచ్చినట్టు చెప్పేవాడు. ఆ ఒక్కరోజు ఆయన తెలుగుకు ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. ఆడవాళ్ళు ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించడానికి కూడా జంకేవాళ్ళు. అరవైలు దాటాక పూజలు తెలుగులోకి వచ్చాయి, నల్ల వస్త్రాలు పోయాయి, ఆ ప్రసంగాలూ తగ్గాయి. తగ్గడమే మంచిదైంది. భయపెట్టి చేయించిన ప్రార్థనలో భయమే ఎక్కువ ఉంటుందని నా అభిప్రాయం.

తేరు పండగ రోజు

మా గుడి పండగకు మరియమ్మ తేరు లాగుతాం. చుట్టుపక్కల పల్లెలన్నీ వస్తాయి. గాజుల కొట్లు, బొరుగుల కొట్లు, బ్యాండుమేళం, టపాకాయలు. హిందువులు కూడా మొక్కుబడులతో వస్తారు. ఆ రోజు తెల్లవారిన దగ్గర్నుంచి నేను పెద్ద తాడు వదిలేది లేదు.

ఒక ఏడాది ఆ పండగనాడే ఇన్నాసమ్మ కొడుకు అంతోని జ్వరంతో పోయాడు.

ఇన్నాసమ్మ గురించి కొంచెం చెప్పాలి. చిట్టమూరు వైపు నుంచి మొగుడితో వచ్చి మా పల్లెలో స్థిరపడిన మనిషి. వచ్చాకే ముగ్గురూ కలిసి జ్ఞానస్నానం తీసుకున్నారు. అప్పటికే బిడ్డ నడుస్తున్నాడు. వాడు ఎప్పుడు పుట్టాడంటే "పెద్దవానకు కాలవ తెగిన ఏడు" అనేది ఆమె. మాకు రెండుసార్లు కాలవ తెగింది. ఏ వానో ఆమెకే తెలియదు. తరువాత ఉప్పు కయ్యల్లో మొగుడు పోయాడు. అతనికి చావు గంట కొట్టింది నేనే. ఆ పైన ఆమెకు లోకమంతా ఆ పిలకాయే.

ఆ పిలకాయ గురించి చెప్పమంటే ఆమె నోటికి ఆనకట్ట ఉండేది కాదు. "మా అంతోనికి తెలియనిది లేదు" అనేది. వాడు బాతులు కాసేవాడు. మందలో ఒక్కటి తగ్గినా చూడగానే చెప్పేవాడు. జపమాల మొత్తం తడుముకోకుండా చెప్పేవాడు. నాట్ల దగ్గర ఆడవాళ్ళు ఆమెను "అన్నీ తెలిసినోడి అమ్మ" అని ఆటపట్టిస్తే, అది ఎగతాళి అని తెలిసి కూడా మురిసిపోయేది. నిజానికి వాడు గడుగ్గాయే. పండగకు కొద్ది రోజుల ముందు సాములోరి తోటలో జామకాయ కోశాడు. ఆయన కంటబడ్డాడు. పక్కనే నేను ఇరుసుకు ఆముదం కలుపుతున్నాను.

"ఈ ఫలమును నీవు కోసితివా?" అన్నాడు ఆయన.

"లేదు సామీ. కిందపడుంటే, దుమ్ము అంటుతాదని చేతిలో పెట్టుకోనుండా."

కాయకు పచ్చి తొడిమ, రెండు ఆకులు ఇంకా వేలాడుతున్నాయి. సాములోరు వాటిని చూశాడు, వాణ్ణి చూశాడు. వాడు పరుగెత్తిపోయాక నా వైపు తిరిగి, "వీడు న్యాయవాది యగును" అని నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూసింది చాలా తక్కువ.

పండగ ఉదయం కబురు తెచ్చింది ఇన్నాసమ్మే. పంపడానికి ఆమెకు ఎవరున్నారు? బిడ్డను పొరుగామె ఒళ్ళో పెట్టి, జనాన్ని తోసుకుంటూ గోపురం దగ్గరికి వచ్చింది. నేను తాడు వదిలేశాను. చెంబుతో నీళ్ళిచ్చాను. ఆమె తాగలేదు.

"వాళ్ళ నాయనకు కొట్టినట్టే కొట్టన్నా. నిదానంగా, అందరికీ వినపడేట్టు."

చెంబు కింద పెట్టాను. అయినా అడగాలి.

"అమ్మా, వాడికి ఏడు నిండినాయా?"

"నిండితే ఏంది, నిండకపోతే ఏంది?"

చెప్పాను. నిండకపోతే పండగ గంట. నిండితే చావు గంట.

"పండగ గంటా?" ఆమె చుట్టూ చూసింది. బ్యాండు మోగుతోంది, బూరలు ఊదుతున్నారు. "పొద్దున్నుంచి నువ్వు కొడతా ఉండేది అదే కదన్నా. నా బిడ్డ పోయినాడని ఎవురికి తెలుస్తాది? ఈళ్ళంతా బొరుగులు తింటా తేరు లాగతారు. నిండినాయి. ఏడు నిండినాయని రాసుకో. నిదానం గంటే కొట్టు."

నేను సరే అనబోయాను. అంతలో ఆమె నా చెయ్యి పట్టుకుంది. సమాధుల పండగ ప్రసంగం ఆమెకు గుర్తొచ్చిందని మొహం చూస్తేనే తెలిసింది.

"నిండితే... ఆ మంటల్లోకి పోతాడా అన్నా?"

"కొన్నాళ్ళమ్మా. మనం ప్రార్థన చేస్తే తొందరగా వస్తాడంటారు."

"ఒక్కడేనా?"

ఆమెను సాములోరి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పెద్ద పూజకు తెల్లని జరీ వస్త్రాలు వేసుకుని ఉన్నాడు. విషయం చెప్పగానే కూర్చుండిపోయాడు. తరువాత తన పద్ధతిలోనే అడిగాడు.

"ఇన్నాసమ్మా, సంవత్సరములు తెలియకున్నచో తెలియకుండుగాక. వాడు బుద్ధి ఎరిగిన బిడ్డయా? మంచి ఏదో, చెడు ఏదో వానికి తెలియునా? దానిని బట్టియే నిర్ణయింతుము."

అది కూడా గుడి చట్టమే. ఏడేళ్ళంటే బుద్ధి తెలిసే వయసని అర్థం. ఆ ప్రశ్న ఆ తల్లిని ఏం అడుగుతోందో ఆయనకు అప్పుడు తెలిసిందో లేదో నేను చెప్పలేను. నాకు మాత్రం తెలిసింది. తన బిడ్డ తెలివి గురించి ఊరంతా చెప్పుకుని బతికిన మనిషి ఆమె.

ఇన్నాసమ్మ తల దించుకుంది. కొంగు అంచును వేలికి చుట్టుకుంది. తరువాత తల ఎత్తకుండానే చెప్పింది.

"తెలవదు సామీ. వాడికేం తెలవదు. మంచీ తెలవదు, చెడ్డా తెలవదు. బాతుల్ని ఎంచమంటే కూడా తప్పులు ఎంచుతాడు. వెర్రిబాగులోడు సామీ నా బిడ్డ. నేనే ఊరికే గొప్పలు చెప్పినా."

సాములోరు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. జామకాయ కోసినవాణ్ణి ఆయనా చూశాడు, నేనూ చూశాను. ఆయన మొహం ఇంకా ఎర్రబడింది. రూలు మనిషి కదా, ఏమంటాడో అని చూస్తున్నాను.

"అటులనే," అన్నాడు చివరికి. "ఎరుగని బిడ్డయే. మోక్షమునకు పోయెను. రాయప్పా, పండుగ గంట."

నేను కదల్లేదు. "సామీ, ఈ గోలలో అది ఎవురికీ తెలవదు. పండగకే కొడతా ఉండానని అనుకుంటారు" అన్నాను.

ఆయన లేచి ఆ జరీ వస్త్రాలతోనే బయటికి నడిచాడు. నేరుగా బ్యాండు దగ్గరికి వెళ్ళి డోలు మీద అరచెయ్యి పెట్టాడు. డోలు ఆగింది. తరువాత సన్నాయి, తరువాత బూరలు. టపాకాయలు కాలుస్తున్నవాడి చేతిలో నుంచి అగ్గిపెట్టె తీసుకుని జేబులో వేసుకున్నాడు. అంతమంది జనం ఏం జరుగుతోందో తెలియక నోళ్ళు మూసుకున్నారు. గుడి మెట్ల మీద నిలబడి ఆయన అన్నది రెండు ముక్కలే.

"ఇన్నాసమ్మ కుమారుడగు అంతోని మరణించెను. గంట వినుడు."

ఆ పుస్తకం తెలుగుకు ఎవరూ నవ్వలేదు.

నేను పెద్ద తాడు పట్టుకున్నాను. అంత నిశ్శబ్దంలో పండగ గంట నేను అంతకు ముందు కొట్టలేదు, ఆ తరువాతా కొట్టలేదు. బొరుగుల కొట్టువాళ్ళు లేచి నిలబడ్డారు. మగవాళ్ళు తలపాగాలు తీశారు. పట్టపుపాళెం నుంచి వచ్చిన జనం తేరు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. పోలయ్య కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. సాములోరు వచ్చి చాలని చెప్పేదాకా కొట్టాను. ఆయన చాలాసేపు రాలేదు. మోతుబరి తల్లికి ఇవ్వనిది ఆ పిలకాయకు ఇచ్చాడు.

తేరుకు కట్టిన మల్లెపూలు కొన్ని తీసి వాడి తలకు కిరీటం కట్టారు. సాయంత్రం సమాధి చేసి వచ్చాక, తేరు ఆలస్యంగా కదిలింది. రాత్రి అందరూ వెళ్ళాక నేను గోపురం కింద తాడు చుట్ట చుడుతుంటే ఇన్నాసమ్మ వచ్చింది. ఇటూ అటూ చూసి, నా దగ్గరగా వచ్చి, గుసగుసగా మాట్లాడింది.

"వాడికి అన్నీ తెలుసన్నా."

"తెలుసమ్మా."

"వాడికి తెలియనిది లేదన్నా. నేను అబద్ధం చెప్పినా. ఆ పాపం నాకుంటే ఉండనీ, నేను పోయినాక ఎంతకాలమైనా కాలతా. నువ్వు మాత్రం సాములోరికి చెప్పబాకన్నా. ఆయనకు తెలిస్తే వాణ్ణి ఎనక్కి పిలిపిస్తాడేమో."

చెప్పనమ్మా అన్నాను. ఆమె కన్నుమూసేదాకా ఆమెకు ఆ భయం ఉంది. సాములోరికి అంతా తెలుసని ఆమెకు ఒక్కమాట చెప్పి ఉండవచ్చు. కానీ ఆయన తెలిసే ఒప్పుకున్నాడని తెలిస్తే, ఆ మోక్షం చెల్లుతుందా లేదా అని ఆమె మళ్ళీ అడుగుతుంది. అందుకని అదీ చెప్పలేదు.